ఆక్టోపస్‌కు నొప్పి తెలుస్తుందా?

ఎమ్మెస్సీ జువాలజీ మొదటి సంవత్సరంలో ఒకరోజు తెల్లవారకముందే మమ్మల్ని విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్లారు. చేపలను గుర్తుపట్టడం, పొడవు కొలవడం, రికార్డులో రాసుకోవడం ఆనాటి పని. అప్పుడే ఒడ్డుకు చేరిన ఒక చిన్న బోటు దగ్గర ఓ ముసలమ్మ కింద కూర్చుని చేపలను రకాలవారీగా వేరుచేస్తోంది. ఆమె ముందున్న బుట్టలోంచి బూడిదరంగు జీవి ఒకటి మెల్లగా పైకి పాకింది. ఒక చేయి బుట్ట అంచును పట్టుకుంది, ఇంకొక చేయి బయట నేలను తడుముతోంది. మేము దగ్గరకు వంగేసరికి దాని ఒళ్లు ముదురు గోధుమరంగుకు మారిపోయింది. అంతవరకు పుస్తకంలో బొమ్మగా తప్ప చూడని ఆక్టోపస్ అదే!

"ఇది తింటారా అమ్మా?" అని అడిగాం.

"మనం తినం బాబూ. కంపెనీకెల్లిపోద్ది. ఇదేశాలోల్లు తింటారంట" అంది ఆమె, దాన్ని తిరిగి బుట్టలోకి తోస్తూ.

మాలో ఒకడు మెల్లగా "సార్, దానికి నొప్పి తెలుస్తుందా?" అన్నాడు. అందరం నవ్వాం. సార్ మాత్రం నవ్వలేదు. "మంచి ప్రశ్న. చదువుకుని వచ్చి మీరే చెప్పండి" అన్నారు.

ఆ ప్రశ్న వెంటపడి మేము చదివినదే ఈ వ్యాసం. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు, మొదట "కష్టపడితే సాధించలేనిది లేదు" అని ఒక పేజీ నింపుదామనుకున్నాం. ఆ మాట ఈ సంచికలో ఎలాగూ ఇంకో పదిమంది రాస్తారు. ఇక్కడే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివి, ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లమైన మేము, నేర్చుకున్నదాన్ని మీతో పంచుకోవడమే మేలనిపించింది.

మూడు గుండెలు, నీలి రక్తం

ఆక్టోపస్‌ను అష్టపాది అని కూడా అంటారు. అది చేప కాదు. నత్తలు, ఆల్చిప్పలు ఉండే మొలస్కా వర్గానికి చెందిన జీవి. అంటే వానాకాలం మన పొలం గట్టు మీద పాకే నత్తకు అది దూరపు చుట్టం. స్క్విడ్, కటిల్‌ఫిష్ దానికి దగ్గరి బంధువులు. ప్రపంచ సముద్రాల్లో సుమారు 300 జాతుల ఆక్టోపస్‌లు ఉన్నాయి. కొన్ని అరచేతిలో ఇమిడిపోతాయి. పసిఫిక్ మహాసముద్రంలోని రాక్షస ఆక్టోపస్ చేతులు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు మీటర్లు దాటవచ్చు.

దానికి గుండెలు మూడు. రెండు మొప్పలకు రక్తం పంపితే, మూడోది ఒళ్లంతటికీ పంపుతుంది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది, అందుకే రక్తం ఎరుపు. ఆక్టోపస్ రక్తంలో ఆ పనిచేసే హిమోసయనిన్‌లో రాగి ఉంటుంది, అందుకే అది నీలం. ఒంట్లో ఎముక అన్నదే లేదు. గట్టిగా ఉండేది చిలుక ముక్కులాంటి నోరు ఒక్కటే. ఆ ముక్కు పట్టేంత సందు దొరికితే చాలు, మిగతా ఒళ్లంతా అందులోంచి జారిపోతుంది.

మనకు సంబంధించిన అసలు సంగతి దాని నాడీమండలం. సాధారణ ఆక్టోపస్ ఒంట్లో సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఎలుక మెదడులో ఉండేవి దాదాపు 20 కోట్లే. పైగా ఆక్టోపస్ నాడీకణాల్లో సగానికి పైగా తలలో కాక చేతుల్లోనే ఉంటాయి. ఒక్కో చేయి తనంతట తాను తడిమి, పట్టుకుని, రుచి చూడగలదు. అవును, దాని చేతులకున్న గుండ్రటి పట్టులు తాకగానే రుచి కూడా తెలుసుకుంటాయి.

మనలాంటి వెన్నెముక జీవుల దారి, ఆక్టోపస్ పూర్వీకుల దారి 50 కోట్ల సంవత్సరాలకు ముందే విడిపోయాయి. ఆ పూర్వీకుడికి చెప్పుకోదగ్గ మెదడు లేదు. అంటే ప్రకృతి పెద్ద మెదడును రెండుసార్లు, రెండు వేర్వేరు దారుల్లో తయారుచేసిందన్నమాట.

అయితే ఇంత మెదడున్న జీవి బతికేది చాలా తక్కువ కాలం. ఎక్కువ జాతులకు ఏడాది, రెండేళ్లే ఆయుష్షు. తల్లి గుడ్లు పెట్టాక తిండి మానేసి వాటికి కాపలా కాస్తుంది, పిల్లలు బయటికొచ్చే వేళకు చనిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా తీరానికి అవతల, లోతు సముద్రంలో ఒక తల్లి ఆక్టోపస్ 2007 నుంచి 2011 దాకా 53 నెలలు ఒకేచోట గుడ్లను అంటిపెట్టుకుని ఉండటాన్ని శాస్త్రవేత్తలు గమనించారు. వెళ్లిన ప్రతిసారీ అదే తల్లి, అదే బండ. ఒక్కసారి కూడా అది తినడం వాళ్లు చూడలేదు.

తినేదీ అదే, తినబడేదీ అదే

ఆక్టోపస్ సాధుజీవి అనుకుంటే పొరపాటు. అది పక్కా మాంసాహారి. పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు, చేపలు దాని ఆహారం. మూత బిగించుకున్న చిప్పను ముందు లాగి చూస్తుంది. రాకపోతే నాలుక మీది ఆకురాయిలాంటి భాగంతో సన్నటి రంధ్రం చేసి, అందులోంచి విషం ఎక్కిస్తుంది. దాని బొరియ ముందు తిని పడేసిన చిప్పల కుప్ప ఉంటుంది. ఆ కుప్పను చూసే శాస్త్రవేత్తలు అది ఏం తింటుందో లెక్కగడతారు. అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో సొరజాతికి చెందిన డాగ్‌ఫిష్‌లను రాక్షస ఆక్టోపస్‌తో పాటు ఒకే తొట్టిలో ఉంచితే, ఆక్టోపస్ ఆ సొరలనే పట్టి చంపింది.

మరోపక్క దాని మెత్తటి ఒళ్లంటే అందరికీ ఇష్టమే. మోరే ఈల్ అనే పాములాంటి చేప, సొరలు, సీళ్లు, డాల్ఫిన్లు అన్నీ దాన్ని తింటాయి. గవ్వ లేదు, ముల్లు లేదు, ఎముక లేదు. అందుకే దాని బతుకంతా తప్పించుకోవడమే. క్షణంలో రంగు మారుస్తుంది, చర్మాన్ని రాయిలా గరుకుగా చేసుకుంటుంది, సిరా చిమ్మి పారిపోతుంది. చేయి తెగిపోతే మళ్లీ మొలిపించుకుంటుంది.

తప్పించుకునే ఉపాయాలు జాతికొక తీరు. ఇండోనేషియా సముద్రంలో దొరికే మిమిక్ ఆక్టోపస్ ఇతర జీవుల వేషం కడుతుంది. ఆరు చేతులను బొరియలో దాచి, రెండింటిని అటూ ఇటూ చాపి నలుపు తెలుపు చారలు తెచ్చుకుంటే అచ్చం సముద్రపు పామే. డామ్సెల్ చేపలు మీదపడినప్పుడు అది ఈ పాము వేషం కట్టడం చూసినట్టు శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు. ఆ చేపలను సముద్రపు పాములు తింటాయి మరి! వెయిన్డ్ ఆక్టోపస్ అనే మరో జాతి, మనుషులు పారేసిన కొబ్బరి చిప్పలను మోసుకుపోయి, అవసరమైనప్పుడు రెండు చిప్పలూ మూసుకుని లోపల దాక్కుంటుంది. ఈ సంగతి 2009లో బయటపడింది.

దక్షిణాఫ్రికా తీరంలో క్రెయిగ్ ఫాస్టర్ అనే ఆయన ఒక ఆక్టోపస్‌ను దాదాపు ఏడాదిపాటు రోజూ నీళ్లలోకి దిగి గమనించాడు. ఆయన అనుభవం 2020లో 'మై ఆక్టోపస్ టీచర్' అనే డాక్యుమెంటరీగా వచ్చి, 2021లో ఆస్కార్ అందుకుంది. అందులో ఒక సొర ఆక్టోపస్ చేయిని తెంపుకుపోతుంది. కొన్ని నెలల్లో ఆ చేయి మళ్లీ మొలుస్తుంది. ఇంకోసారి సొర తరిమితే ఆ ఆక్టోపస్ చిప్పలన్నీ ఒంటికి కప్పుకుని ముద్దలా మారుతుంది, చివరకు సొర వీపు మీదికే ఎక్కి కూర్చుంటుంది. తనను తినాలని వచ్చినదాని వీపే అన్నిటికంటే భద్రమైన చోటు అయింది!

చేపలతో పొత్తు వేట

ఇంతవరకు చెప్పింది చంపడం, చావడం గురించి. ఆక్టోపస్‌కు ఇతర జీవులతో మరో సంబంధం కూడా ఉంది. అది పొత్తు.

ఎర్ర సముద్రం నుంచి హిందూ మహాసముద్రం మీదుగా హవాయి దీవుల దాకా పగడపు దిబ్బల్లో డే ఆక్టోపస్ అనే జాతి ఉంటుంది. పగటిపూట వేటాడుతుంది కాబట్టి ఆ పేరు. మన లక్షద్వీప్, అండమాన్ దిబ్బల్లోనూ ఉంది. అది వేటకు బయల్దేరినప్పుడు రకరకాల చేపలు వెంట నడుస్తాయి. చేప రాతిసందులోకి చేతులు పెట్టలేదు, ఆక్టోపస్ పెట్టగలదు. ఆక్టోపస్ దూరం తిరిగి వెతకలేదు, చేప తిరగగలదు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది.

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన ఎడువార్డో సాంపాయో, ఆయన సహచరులు ఎర్ర సముద్రంలో ఈ వేటను అనేక కెమెరాలతో చిత్రించి, 2024లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు ఆక్టోపస్ నాయకుడు, చేపలు వెనకాల తిరిగే బంట్లు అనుకునేవారు. తీరా చూస్తే నాయకత్వం పంచుకుంటున్నారు! గడ్డం కింద మీసాలుండే గోట్‌ఫిష్‌లు (మన తీరంలో గులివిందలు అనే చేపల కుటుంబం) ముందుపోయి ఎటు వెళ్లాలో చూస్తాయి. ఆక్టోపస్ వెళ్లాలా వద్దా, ఎప్పుడు దూకాలి అన్నది తేలుస్తుంది. పని చేయకుండా వేట కోసం కాచుకుని కూర్చునే చేపలూ ఉంటాయి. ముఖ్యంగా నల్లంచు గ్రూపర్ అనే చేప ఆ రకం. అలాంటి చేపలకు ఆక్టోపస్ ఒక చేతిని విసిరి గుద్దు ఇస్తుంది. ఈ గుద్దుల గురించి అదే బృందం 2020లోనే ఒక వ్యాసం ప్రకటించింది. మెస్‌లో వడ్డించే పనికి రాకుండా కంచం పట్టుకుని ముందు వరసలో నిలబడేవాడికి పడే మొట్టికాయ మీకు గుర్తొస్తే తప్పు మాది కాదు.

ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో కోరల్ ట్రౌట్ అనే చేప, ఎర దాక్కున్న సందు మీద తలకిందులుగా నిలబడి ఒళ్లు ఊపుతుంది. "ఇక్కడుంది, రా" అని ఆక్టోపస్‌కు సైగ చేయడమన్నమాట. ఇది 2013లో ప్రకటించిన సంగతి. రెండు వేర్వేరు వర్గాల జీవులు, మాట లేకుండా, ఒకరి సైగ ఒకరు తెలుసుకుంటున్నాయి.

నొప్పి అంటే ఏమిటి?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇన్ని పనులు చేసే జీవికి నొప్పి తెలుస్తుందా?

వేడి పెనం తగిలినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. చెయ్యి ముందు వెనక్కి వచ్చేస్తుంది. "అబ్బా" అనిపించేది ఆ తర్వాత. మొదటిది ప్రతిచర్య. దానికి వెన్నుపాము చాలు. రెండోదే నొప్పి. అది మనసుకు తెలిసేది. కాబట్టి ఒక జీవి గిలగిల కొట్టుకున్నంత మాత్రాన నొప్పి తెలిసిందని సైన్సు ఒప్పుకోదు. ఆక్టోపస్ విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని చేతుల్లోనే అన్ని నాడీకణాలున్నాయి కనుక, తెగిపోయిన చేయి కూడా కొంతసేపు కదులుతూనే ఉంటుంది.

మరి రుజువు ఎలా? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో రాబిన్ క్రూక్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం 2021లో ప్రచురితమైంది. గోడల మీద వేర్వేరు గుర్తులున్న గదులను ఆక్టోపస్‌ల ముందు పెట్టారు. ఏ గది ఎక్కువ ఇష్టమో చూసుకున్నారు. తర్వాత చేతిలోకి కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, ఇష్టమైన గదిలోనే ఉంచారు. మళ్లీ స్వేచ్ఛగా వదిలితే అవి ఆ గదికి వెళ్లడం మానేశాయి. ఉత్త ఉప్పునీరు ఎక్కించినవాటిలో ఆ మార్పు లేదు. ఆమ్లం పడినవి ఆ చోటును ముక్కుతో గీరుకుంటూ చర్మం కూడా తీసేశాయి. తర్వాత మరో గదిలో వాటికి పన్ను పీకేముందు డాక్టరు ఇచ్చే మత్తుమందులాంటిది ఇచ్చారు. నొప్పి తగ్గిన ఆ గదినే అవి కోరుకోసాగాయి. నొప్పి లేని ఆక్టోపస్‌లకు ఆ మందు మీద మోజేమీ లేదు.

ఇది ఒట్టి ప్రతిచర్య కాదు. ఎక్కడ బాధ కలిగిందో, ఎక్కడ తగ్గిందో గుర్తుపెట్టుకుని, దాన్నిబట్టి నడుచుకోవడం. కుక్కలో, కోతిలో ఇదే చూస్తే మనం నొప్పి అంటాం. ఆక్టోపస్ విషయంలో మాత్రం వేరే మాట ఎందుకు అనాలి?

అదే 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన జోనథన్ బర్చ్ నాయకత్వంలోని బృందం 300కు పైగా పరిశోధనలను పరిశీలించి, ఆక్టోపస్‌లు బాధను అనుభవిస్తాయనడానికి చాలా బలమైన ఆధారాలున్నాయని నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 2022లో బ్రిటన్ చేసిన జంతు సంక్షేమ చట్టంలో వెన్నెముక జీవులతో పాటు ఆక్టోపస్, స్క్విడ్‌లను, పీతలు, రొయ్యలను కూడా చేర్చారు. ఆ నొప్పి మనకు కలిగే నొప్పిలాంటిదేనా అన్నది ఎవరూ చెప్పలేరు. పక్క మంచం మీది మిత్రుడి కడుపునొప్పి కూడా మనకు కలగదు కదా! అతని తీరు చూసి నమ్ముతాం, అంతే.

సముద్రం నుంచి పళ్లెం దాకా

ప్రపంచంలో ఏటా సుమారు మూడున్నర లక్షల టన్నుల ఆక్టోపస్‌ను పడుతున్నారు. జపాన్, కొరియా, స్పెయిన్, ఇటలీ, గ్రీస్ దేశాల్లో అది పండగ వంటకం, వీధి తిండి కూడా. జపాన్‌లోని ఒసాకాలో ఆక్టోపస్ ముక్కలు పెట్టి కాల్చే టకోయాకి ఉండలు మన పునుగుల్లా బండి మీద అమ్ముతారు. మన దేశపు వలల్లో పడేది స్క్విడ్, కటిల్‌ఫిష్‌లతో పాటు మంచులో గడ్డకట్టి ఎక్కువగా ఎగుమతి అవుతుంది. ఆ ముసలమ్మ చెప్పిన "కంపెనీ" అదే.

తినే వాడుక తప్పు కాదు. ఎలా చంపుతున్నారన్నదే ప్రశ్న. కొన్నిచోట్ల కళ్ల మధ్య పొడిచి ఒక్క దెబ్బతో చంపుతారు. కొన్నిచోట్ల గాలిలో వదిలేస్తే అదే చస్తుంది. కొరియాలో చిన్న ఆక్టోపస్‌లను కోసి, ముక్కలు ఇంకా కదులుతుండగానే తినే అలవాటు ఉంది. ఇవన్నీ ఒకటి కావు.

ఇప్పుడు దాన్ని చెరువుల్లో రొయ్యల్లా పెంచాలన్న ప్రయత్నం మొదలైంది. స్పెయిన్ కంపెనీ ఒకటి కెనరీ దీవుల్లో ఏటా 3,000 టన్నుల, అంటే దాదాపు 10 లక్షల ఆక్టోపస్‌ల పెంపకానికి ప్రతిపాదన పెట్టింది. వాటిని మంచునీళ్లలో ముంచి చంపాలన్న ఆలోచన 2023లో బయటికొచ్చి పెద్ద గొడవైంది. ఆక్టోపస్ ఒంటరి జీవి. కిక్కిరిసిన తొట్లలో ఒకదాన్నొకటి తింటాయి. పైగా మాంసాహారి కనుక, దాన్ని పెంచడానికి ఇంకెన్నో చేపలు పట్టి మేతగా పెట్టాలి. బర్చ్ బృందం నివేదిక కూడా ఆక్టోపస్‌లకు బాధ లేకుండా పెంపకం సాధ్యం కాదనే చెప్పింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2024లో ఆక్టోపస్ పెంపకాన్ని నిషేధించింది. కాలిఫోర్నియా అదే ఏడాది చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి పెంపకంతో పాటు పెంచినవాటి అమ్మకాన్నీ ఆపేసింది.

మరి మన ఆదివారం కోడికూర?

పోయిన ఏడాది సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు స్టడీ అవర్‌లో ఈ కబుర్లన్నీ తమ్ముళ్లకు చెప్పాం. చివర్లో ఎనిమిదో తరగతి తమ్ముడొకడు లేచి, "అన్నా, అయితే మనం ఆదివారం కోడికూర తినకూడదా? మమ్మల్నందరూ తినొద్దంటారు, మీరు కూడానా?" అని అడిగాడు. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ "మీరు కూడానా" అన్న మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు.

ఎందుకంటే ఆ మాట వెనక ఏముందో మాకు తెలుసు. యూనివర్సిటీ దగ్గర అద్దె గది కోసం తిరిగినప్పుడు, అడ్వాన్సు ఎంత అన్నదానికంటే ముందు "మీరు తింటారా?" అన్న ప్రశ్న మాకు ఎదురైంది. ఆ ప్రశ్న తిండి గురించి కాదు. మా పెట్టెల్లో ఎండుచేపల వాసనొస్తోందని, మా వాడల్లో పెద్దకూర వండుతారని, చిన్నప్పటి నుంచి ఎంతమంది ముక్కు మూసుకోగా చూడలేదు! జంతువు మీద జాలి పేరుతో మనిషిని దూరం పెట్టడం మనకు కొత్త కాదు. అందుకే ఈ విషయం రాసేటప్పుడు రెండు సంగతులు తేల్చుకున్నాకే కలం పట్టాం.

మొదటిది. "ఆక్టోపస్ చాలా తెలివైనది, కాబట్టి తినకూడదు" అన్న వాదన విదేశాల్లో తరచు వినిపిస్తుంది. మాకది నచ్చలేదు. తెలివిని బట్టి ప్రాణానికి విలువ కడితే, జీవులకు కూడా ఒక మెరిట్ లిస్టు తయారవుతుంది. పైన ఆక్టోపస్, కింద కోడి, ఇంకా కింద చేప. ఆ లిస్టు రాసేది ఎవరు? కొలిచే బద్ద ఎవరిది? మెరిట్ పేరుతో మాటలు పడ్డ మనం ఆ బద్దను ఇంకొకరి మీద పెట్టకూడదు. కొబ్బరి చిప్పలు మోయలేదని కోడికి నొప్పి తగ్గదు. 18వ శతాబ్దంలోనే జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త, జంతువుల విషయంలో చూడాల్సింది వాటి తెలివిని కాదు, బాధపడే గుణాన్ని అని వాదించాడు. మాకు ఆ వాదనే సబబుగా తోచింది.

రెండోది. ఎవరికి ఎంచుకునే వీలుంది అన్నది చూడాలి. ఆక్టోపస్ పీతను తింటుంది కదా, మనం ఆక్టోపస్‌ను తింటే తప్పేంటని కొందరు అంటారు. ఆక్టోపస్‌కు వేరే దారి లేదు, అది పప్పన్నం తినలేదు. మనిషికి దారులున్నాయి. కానీ మనుషులందరికీ ఒకే సంఖ్యలో లేవు. మడగాస్కర్ దీవి నైరుతి తీరంలో వెజో అనే జాలరి జనం ఉన్నారు. ఆటు సమయంలో అక్కడి ఆడవాళ్లు కర్ర పట్టుకుని దిబ్బల మీద నడుస్తూ ఆక్టోపస్‌లు పట్టి అమ్ముకుంటారు. ఇంట్లో బియ్యం ఆ డబ్బుతోనే. వాళ్లు పట్టేది ఎర్ర సముద్రంలో చేపలతో పొత్తు కలిపే ఆ డే ఆక్టోపస్‌నే! ఆ ఆడవాళ్లను దోషులుగా నిలబెట్టే హక్కు, ఐదు నక్షత్రాల హోటల్లో మెనూ చూసి ఎంచుకునేవాడికి లేదు.

ఆ వెజో జనమే 2004లో ఆండవడువాకా అనే ఊరి దగ్గర ఒక దిబ్బను కొన్ని నెలలపాటు తమంతట తామే మూసేశారు. ఆక్టోపస్ తొందరగా ఎదుగుతుంది కనుక, తెరిచినప్పుడు పెద్దవి, బరువైనవి దొరికాయి. చుట్టుపక్కల ఊళ్లు కూడా ఆ పద్ధతిని అందుకున్నాయి. మన తూర్పు తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. ఆ రోజుల్లో జాలరి ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో అడగకుండా సముద్రం గురించి మాట్లాడటం సగం మాటే.

మేము అనుకునేది

మన దేశంలో 1960లో చేసిన జంతుహింస నివారణ చట్టం ఉంది. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవి అయినా అని అర్థం చెప్పారు. ఆ లెక్కన ఆక్టోపస్ కూడా వస్తుంది. తిండి కోసం చంపడాన్ని ఆ చట్టం నేరమనలేదు. కానీ అందులో అనవసరమైన బాధ పెట్టకూడదంది. ఆ "అనవసరమైన" అన్న మాట దగ్గరే మా ఆలోచన ఆగింది.

తమ్ముడికి ఆరోజు సరిగా చెప్పలేకపోయిన జవాబు ఇది. తినాలా మానాలా అన్నది నువ్వు పెద్దయ్యాక నీ బుద్ధితో తేల్చుకో. మానితే అది నీ ఇష్టం. తింటే సిగ్గుపడాల్సిన పని లేదు. నిన్ను తక్కువ చేయడానికి ఎవరైనా జంతువును అడ్డం పెట్టుకుంటే ఒప్పుకోవద్దు. అయితే వాళ్లు అబద్ధపు జాలి చూపించారని, నిజమైన జాలి కూడా అబద్ధం అనుకోవద్దు. కాళ్లు కట్టేసి సైకిల్‌కు తలకిందులుగా వేలాడదీసిన కోళ్లు, ఒడ్డున గంటలు గంటలు నోరు తెరుచుకునే చేపలు, సరదాకి రాయి విసిరితే కుంటిదైన కుక్కపిల్ల, ఇవేవీ మన ఆకలికి అవసరం కాదు. ఆ బాధ తగ్గించడానికి డబ్బు అక్కర్లేదు, కులం అక్కర్లేదు. చూసే కన్ను చాలు.

బాధ అంటే ఏమిటో పుస్తకం చదవకముందే తెలిసినవాళ్లం మనం. ఎదుటివాడు మన నొప్పిని నొప్పిగా లెక్కచేయకపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఆ తెలిసినదాన్ని నోరులేని జీవి దాకా సాగదీయడం మనకు కష్టమైన పని కాదు.

హార్బర్ సంగతి ఒకటి మిగిలిపోయింది. మా స్నేహితుడి ప్రశ్నకు మేము నవ్విన తర్వాత, సార్ మాట కూడా అయ్యాక, ఆ ముసలమ్మ తలెత్తకుండానే "తెలీకేటి బాబూ, దానికీ పేనముంది గదా" అంది. చేపలు కోసే కత్తి తీసుకుని, బుట్టలోని ఆక్టోపస్ కళ్ల మధ్య ఒక్క పోటు పొడిచింది. దాని రంగు తెల్లగా మారిపోయింది. అప్పుడు దాన్ని మంచులో పెట్టింది. ఆ పని ఎందుకు చేసిందో ఆనాడు మాకు అర్థం కాలేదు. ఇంత చదివాక అర్థమైంది. ఆమె ఏ బడికీ వెళ్లినట్టు లేదు. రికార్డులో మేము రాయాల్సిన మొదటి జవాబు ఆమెదే.

తమ్ముళ్లూ, ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. మేమందరం నవ్విన ప్రశ్నే మాకు ఇంత చదువు చెప్పింది.